ఓపెన్‌సీవీలో 30 ఫ్రేములు అడిగితే 5 వస్తున్నాయి, రెండో కెమెరా అసలు తెరుచుకోవట్లేదు

#1 · ఫ్రేమ్‌లెక్క

రైస్ మిల్లులో కన్వేయర్ మీద వెళ్లే బస్తాలు లెక్కపెట్టే ప్రోగ్రాం ఇది. బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4, 4 జీబీ. మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు రెండు. ఒకటి పైనుంచి బస్తాలు లెక్కపెట్టడానికి, రెండోది పక్కనుంచి బస్తా మీది మార్కా ఫోటో తీయడానికి. పైథాన్, ఓపెన్‌సీవీ 4 (బొమ్మలు విశ్లేషించే లైబ్రరీ). రెండింటికీ 1920×1080, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 30 ఫ్రేములు) సెట్ చేశాను. బెల్టు వేగం సెకనుకు సుమారు 1 మీటరు, బస్తాకీ బస్తాకీ మధ్య ఖాళీ 10 సెం.మీ. దాకా ఉంటుంది.

ఇబ్బందులు:

ఒక్క కెమెరాతోనే సెకనుకు 5 ఫ్రేములు. సీపీయూ చూస్తే 40 శాతం కూడా దాటట్లేదు. రెండో కెమెరా పెడితే "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోంది, కార్డులో చూస్తే 20 జీబీ ఖాళీ ఉంది. ఫ్రేములు చదివే పనిని వేరే థ్రెడ్‌లో (పక్కన సమాంతరంగా నడిచేలా) పెడితే ఎఫ్‌పీఎస్ మీటరు 190 చూపిస్తోంది, అయినా పక్కపక్కన వచ్చిన రెండు బస్తాలు ఒకటిగానే లెక్కలోకి వస్తున్నాయి.

లూపులో జరిగేది: రీడ్, గ్రే, బ్యాక్‌గ్రౌండ్ సబ్‌ట్రాక్షన్ (మాగ్2, కదలని వెనక భాగాన్ని తీసేసి కదిలేదాన్ని పట్టుకునే పద్ధతి), గీత దాటితే కౌంట్, ఇమ్‌షో (తెర మీద చూపించడం), చివర్లో వీడియోరైటర్ (ఫైలులో రికార్డు చేయడం). రాస్ప్‌బెర్రీ పై 5కి మారితే సరిపోతుందా, కోడ్ సీ++లోకి మార్చాలా?

#2 · కాకికెర్నల్

బోర్డూ మార్చకండి, భాషా మార్చకండి. సీపీయూ ఖాళీగా ఉండి ఫ్రేములు రావట్లేదంటే మీ కోడ్ ఎదురుచూస్తూ కూర్చుందని అర్థం. ఆలస్యం మీ కోడ్‌కి ముందే ఉంది.

లెక్క చూడండి. మీరు ఫార్మాట్ చెప్పకపోతే కెమెరా చాలాసార్లు వైయూవైవీ అనే కంప్రెస్ చేయని ఫార్మాట్‌లో ఇస్తుంది. అందులో పిక్సెల్‌కి 2 బైట్లు. 1920×1080×2 = 41,47,200 బైట్లు ఒక్క ఫ్రేముకి. 30 ఫ్రేములంటే సెకనుకు 124 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 మీద వెబ్‌క్యామ్ వాడే ఐసోక్రోనస్ (ముందే రిజర్వ్ చేసుకునే) దారిలో గరిష్ఠం ఎంతో తెలుసా? మైక్రోఫ్రేముకి (125 మైక్రోసెకన్లు) 3072 బైట్లు, సెకనుకు 8000 మైక్రోఫ్రేములు, అంటే 24.6 మెగాబైట్లు. 24.6ని 4.15తో భాగిస్తే 5.9. అందుకే కెమెరా తన లిస్టులో 5 అని రాసి పెట్టుకుంది, మీకు 5 ఇస్తోంది. ఇందులో పైథాన్ తప్పేమీ లేదు.

వీ4ఎల్2-సీటీఎల్ అనే కమాండుకి (లినక్స్‌లో కెమెరా సెట్టింగులు చూసేది, మార్చేది) లిస్ట్-ఫార్మాట్స్-ఎక్స్ట్ ఆప్షన్ ఇచ్చి నడిపి, వచ్చింది ఇక్కడ పెట్టండి.

#3 · ఫ్రేమ్‌లెక్క

నడిపాను. వైయూవైవీ కింద: 1920×1080 దగ్గర 5 మాత్రమే, 1280×720 దగ్గర 10, 640×480 దగ్గర 30, 320×240 దగ్గర 30. ఎంజేపీజీ (ప్రతి ఫ్రేమునీ జేపెగ్‌గా కుదించే ఫార్మాట్) కింద: అన్ని సైజుల్లోనూ 30.

కానీ కోడ్‌లో ఎఫ్‌పీఎస్ 30 సెట్ చేస్తే ట్రూ అనే వచ్చింది కదా!

#4 · పైపులైను

ఆ ట్రూని నమ్మొద్దు. వీ4ఎల్2 (లినక్స్ వీడియో) డ్రైవరుని లేని సైజు, లేని వేగం అడిగితే తప్పు అని చెప్పదు, తన దగ్గరున్న వాటిలో దగ్గరిది ఇచ్చేసి ఊరుకుంటుంది. సెట్ చేశాక గెట్‌తో మళ్లీ చదివి ప్రింట్ చేయండి: ఫోర్‌సీసీ (ఫార్మాట్ కోడ్), వెడల్పు, ఎత్తు, ఎఫ్‌పీఎస్ నాలుగూ.

వరుస ఇలా పెట్టుకోండి:

1. వీడియోక్యాప్చర్ తెరిచేటప్పుడే రెండో ఆర్గ్యుమెంట్‌గా క్యాప్_వీ4ఎల్2 ఇవ్వండి. ఇవ్వకపోతే కొన్ని బిల్డుల్లో జీస్ట్రీమర్ అనే ఇంకో వీడియో లైబ్రరీ ముందు పట్టుకుంటుంది, అప్పుడు మీ సెట్టింగులు సగం పని చేయవు.
2. ముందు ఫోర్‌సీసీ ఎంజేపీజీ.
3. తర్వాత వెడల్పు, ఎత్తు.
4. చివర్లో ఎఫ్‌పీఎస్.

సైజు ముందు పెట్టి ఫార్మాట్ తర్వాత మారిస్తే కొన్ని కాంబినేషన్లలో మళ్లీ వైయూవైవీకే జారిపోతుంది.

#5 · ఊకదంపుడు

190 సంగతి ఎవరూ అడగలేదేం?

మీ థ్రెడ్ "చివరగా వచ్చిన ఫ్రేము" అనే ఒక వేరియబుల్‌లో పెడుతుంది, మెయిన్ లూపు దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తీసుకుంటుంది, అవునా? ఇంటర్నెట్‌లో తిరిగే క్లాసులన్నీ ఇదే తంతు. కెమెరా 5 ఇస్తోంది, మీ లూపు అదే ఫ్రేమును 38 సార్లు చదువుతోంది. 5×38 = 190. మీటరు అబద్ధం చెప్పలేదు, లూపు ఎన్నిసార్లు తిరిగిందో చెప్పింది, అంతే. పైగా ఆ 38 సార్లూ మాగ్2కి ఒకే బొమ్మ వేస్తున్నారు. కదలని బస్తాని అది బ్యాక్‌గ్రౌండ్‌లో కలిపేసుకోవడం మొదలుపెడుతుంది. థ్రెడ్ పెట్టాక లెక్క ఇంకా చెడిందంటే కారణం అదే.

థ్రెడ్ ఉంచండి, కానీ ప్రతి ఫ్రేముకీ ఒక వరుస నంబరు పెట్టండి. మెయిన్ లూపు కొత్త నంబరు వచ్చేదాకా కండిషన్ వేరియబుల్ మీద ఆగాలి. ఎఫ్‌పీఎస్‌ని ఆ నంబర్ల మీదే లెక్కకట్టండి. ఓపెన్‌సీవీ రీడ్ లోపల ఉన్నంతసేపూ జిల్‌ని (ఒకసారి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే పైథాన్ తాళం) వదిలేస్తుంది కాబట్టి పైథాన్ థ్రెడ్ ఇక్కడ నిజంగానే పనికొస్తుంది. మల్టీప్రాసెసింగ్ అక్కర్లేదు. ఫ్రేముని ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి పంపితే 6.2 మెగాబైట్లు పికిల్ అయి (బైట్లుగా మూటకట్టి) మళ్లీ విడాలి.

బస్తాలు ఎందుకు కలిసిపోతున్నాయో కూడా లెక్కలోనే ఉంది. ఖాళీ 10 సెం.మీ., వేగం సెకనుకు 1 మీటరు. ఆ ఖాళీ మీ గీత మీద ఉండేది 100 మిల్లీసెకన్లు. 5 ఎఫ్‌పీఎస్‌లో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 200. ఖాళీ వచ్చి వెళ్లిపోయాక మీరు కన్ను తెరుస్తున్నారు. 15 ఎఫ్‌పీఎస్‌లో కనీసం ఒకసారి కనిపిస్తుంది, 30లో మూడుసార్లు. ఒక్కసారి మాత్రమే కనిపించినదాన్ని నమ్మి కౌంట్ చేయలేం, కాబట్టి మీకు 30 కావాలి. రిజల్యూషన్ మాత్రం అంత అక్కర్లేదు.

#6 · ఫ్రేమ్‌లెక్క

ఊకదంపుడు గారూ, నిజమే, అదే క్లాసు. నంబరు పెట్టి చూస్తే అసలు వేగం 5 అని తేలింది.

ఎంజేపీజీకి మార్చాక ఒక్క కెమెరాతో పగలు 30 వస్తోంది. సాయంత్రం ట్యూబులైట్లు వేశాక సరిగ్గా 15కి పడిపోతోంది. ఇది కూడా యూఎస్‌బీయేనా?

#7 · కాకికెర్నల్

కాదు, ఇది వెలుతురు. సరిగ్గా సగానికి పడిందంటే కళ్లు మూసుకుని ఆటో ఎక్స్‌పోజర్ (వెలుతురుని బట్టి షట్టర్ టైము కెమెరాయే మార్చుకోవడం) అని చెప్పొచ్చు. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేముకి దొరికే టైము 33 మిల్లీసెకన్లే. చీకటి పడితే కెమెరా 66 తీసుకుంటానంటుంది, ఫ్రేములు 15 అవుతాయి.

చేయాల్సింది వీ4ఎల్2-సీటీఎల్‌తో, ఇదే వరుసలో:

ముందు ఎక్స్‌పోజర్_డైనమిక్_ఫ్రేమ్‌రేట్ 0 చేయండి (పాత కెర్నల్‌లో దీని పేరు ఎక్స్‌పోజర్_ఆటో_ప్రయారిటీ). ఫ్రేమ్‌రేట్ తగ్గించుకునే స్వేచ్ఛ కెమెరాకి పోతుంది. చాలామందికి ఇంతవరకు చాలు.

మీకు చాలదు, ఎందుకంటే బెల్టు కదులుతోంది. 33 మిల్లీసెకన్లు షట్టర్ తెరిచి ఉంటే 1 మీటరు వేగంలో బస్తా 33 మి.మీ. జరుగుతుంది. 10 సెం.మీ. ఖాళీలో మూడో వంతు మసకలో పోయినట్టే. అందుకని ఆటో_ఎక్స్‌పోజర్‌ని 1 చేయండి, అంటే మాన్యువల్ (3 అంటే ఆటో). ఆ తర్వాతే ఎక్స్‌పోజర్_టైమ్_అబ్సల్యూట్ 100. దీని యూనిట్ 100 మైక్రోసెకన్లు, కాబట్టి 100 అంటే 10 మిల్లీసెకన్లు. ఆటోలో ఉండగా ఈ విలువ మార్చబోతే ఎర్రర్ వస్తుంది, లేదా అసలు పట్టించుకోదు.

100 అని ఊరికే చెప్పలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లకు పూర్తి గుణిజంగా ఉంటే (100, 200, 300) ప్రతి వరుసకీ సమానమైన వెలుతురు పడుతుంది. 80, 130 లాంటివి పెడితే బొమ్మ మీద అడ్డంగా నల్లటి పట్టీలు పాకుతాయి, మాగ్2 వాటినీ బస్తాలే అనుకుంటుంది. పవర్_లైన్_ఫ్రీక్వెన్సీ 1 పెట్టండి (1 అంటే 50, 2 అంటే 60).

10 మిల్లీసెకన్లలో బొమ్మ చీకటిగా వస్తే గెయిన్ (సెన్సర్ సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) పెంచకండి, బెల్టు మీదికి ఇంకో లైటు వేయండి. గెయిన్ పెంచితే గరుకు (నాయిస్) పెరుగుతుంది. ఎంజేపీజీలో ఆ గరుకంతా కంప్రెస్ చేయాలి కాబట్టి ఫ్రేము సైజూ పెరుగుతుంది, డీకోడ్ టైమూ పెరుగుతుంది.

ఈ సెట్టింగులు కెమెరా పీకి పెట్టగానే పోతాయి. యూడెవ్ రూల్‌లో (పరికరం పెట్టగానే లినక్స్ అమలు చేసే సూచన) పెట్టండి, లేదా ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ప్రతిసారీ రాయండి.

#8 · మాటలతక్కువ

లెన్సు తుడవండి. ఊక దుమ్ము రెండు రోజుల్లో పొరలా పడుతుంది, ఆటో ఎక్స్‌పోజర్ దానికీ టైము పెంచుతుంది.

#9 · ఫ్రేమ్‌లెక్క

తుడిచాను 🙂 మాన్యువల్ 100 పెట్టి, పైన 20 వాట్ల ఎల్‌ఈడీ ఒకటి వేశాం. రాత్రి కూడా 30 నిలకడగా వస్తోంది.

ఇప్పుడు రెండో కెమెరా. రెండూ ఎంజేపీజీయే, అయినా "నో స్పేస్ లెఫ్ట్" పోవట్లేదు. 640×480కి దించినా అదే. నీలం పోర్టులో ఒకటి, నల్ల పోర్టులో ఒకటి పెట్టి చూశాను.

#10 · కాకికెర్నల్

ఆ "స్పేస్" కార్డులోది కాదు, యూఎస్‌బీ బస్సులో సీటు. ఐసోక్రోనస్ అంటే రిజర్వేషన్. కెమెరా స్ట్రీమింగ్ మొదలుపెట్టేటప్పుడే "మైక్రోఫ్రేముకి నాకు ఇన్ని బైట్లు కావాలి" అని బుక్ చేసుకుంటుంది. తర్వాత అన్ని వాడినా వాడకపోయినా ఆ సీటు దానిదే.

హైస్పీడ్ మైక్రోఫ్రేములో మొత్తం పట్టేది 7500 బైట్లు. అందులో ఇలాంటి రిజర్వేషన్లకు 80 శాతమే ఇస్తారు, అంటే 6000. ఒక్కో కెమెరా 3072 అడిగితే రెండింటికీ 6144. మొదటిది ఎక్కింది, రెండోదానికి సీటు లేదు.

ఎంజేపీజీలో సైజు తగ్గించినా ఎందుకు మారట్లేదంటే, కంప్రెస్ చేసిన ఫ్రేము ఎంత వస్తుందో ముందే తెలియదు కాబట్టి చాలా కెమెరాలు ఏ సైజుకైనా గరిష్ఠమే అడుగుతాయి.

పోర్టు రంగు చూసి మోసపోకండి. పై 4లో నాలుగు పోర్టులకీ యూఎస్‌బీ 2.0 భాగం ఒక్కటే. యూఎస్‌బీ 2.0 కెమెరాని నీలం పోర్టులో పెట్టినా ఆ ఉమ్మడి 480 మెగాబిట్ల మీదే వెళ్తుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీకి టీ ఆప్షన్ ఇస్తే చెట్టులా చూపిస్తుంది, రెండు కెమెరాలూ ఒకే హబ్ కింద కనిపిస్తాయి. యూఎస్‌బీ 3 హబ్ కొన్నా లాభం లేదు, అందులోనూ 2.0 పరికరాలు వేరే తీగ జత మీద అదే ఒక్క దారిలో పోతాయి.

#11 · పైపులైను

యూవీసీవీడియో (వెబ్‌క్యామ్‌లని నడిపే కెర్నల్) మాడ్యూల్‌కి క్విర్క్స్=128 ఇస్తే రెండూ నడుస్తాయి. చాలాచోట్ల చెప్పేది అదే.

#12 · కాకికెర్నల్

> క్విర్క్స్=128 ఇస్తే రెండూ నడుస్తాయి

సగమే నిజం అన్నా. ఆ క్విర్క్ పని ఏంటంటే, కెమెరా అడిగిన గరిష్ఠాన్ని పక్కన పెట్టి ఫ్రేము సైజు, వేగం నుంచి కెర్నలే లెక్కకట్టి అంతే బుక్ చేయడం. కంప్రెస్ చేయని ఫార్మాట్లకే ఆ లెక్క కుదురుతుంది, డ్రైవర్ కోడ్‌లో ఎంజేపీజీని వదిలేస్తారు. రెండు ఎంజేపీజీ కెమెరాలకు 128 పెట్టి "పని చేయట్లేదు" అని అడిగేవాళ్లు అందుకే అంతమంది.

కానీ ఇక్కడ దాన్ని వాడుకోవచ్చు. పైనుంచి లెక్కపెట్టే కెమెరాకి 1080 ఎందుకు? గీత మీద ఖాళీ ఉందా లేదా అన్నదే ప్రశ్న. 320×240 వైయూవైవీ, 30 ఎఫ్‌పీఎస్ పెట్టండి. ఫ్రేముకి 1,53,600 బైట్లు, సెకనుకు 4.6 మెగాబైట్లు, మైక్రోఫ్రేముకి 576. క్విర్క్ ఉన్నా కెర్నల్ 1024 కంటే తక్కువ అడగదు. కెమెరా దగ్గర ఆ పైన ఉన్న సెట్టింగ్ ఏదో దొరుకుతుంది, అనుకుందాం 1280. మార్కా కెమెరా ఎంజేపీజీ 1080లో 3072 తీసుకుంటుంది. మొత్తం 4352, 6000 లోపలే.

మాడ్యూల్ ఆప్షన్‌ని మోడ్‌ప్రోబ్.డి కింద ఒక ఫైలులో రాసి రీబూట్ చేయండి. తీసి మళ్లీ లోడ్ చేయాలంటే కెమెరాని ఏ ప్రోగ్రామూ పట్టుకుని ఉండకూడదు.

#13 · ఊకదంపుడు

దీనికి ఇంకో లాభం. వైయూవైవీలో బైట్లు వై, యూ, వై, వీ వరుసలో ఉంటాయి. వై అంటేనే గ్రే. కన్వర్ట్_ఆర్‌జీబీ 0 చేస్తే ఎత్తు×వెడల్పు×2 ఎరే వస్తుంది, అందులో మొదటి చానల్ తీసుకుంటే గ్రే చేతిలో ఉన్నట్టే. ఇప్పుడు మీరు చేస్తున్నది వైయూవైవీ నుంచి బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల బొమ్మ), మళ్లీ బీజీఆర్ నుంచి గ్రే. ఉన్నదాన్ని పోగొట్టుకుని మళ్లీ తయారు చేసుకోవడం.

ఒక జాగ్రత్త: నంపై (పైథాన్‌లో ఎరేల లైబ్రరీ) స్లైసుతో తీస్తే మెమరీలో ఒకటి విడిచి ఒకటి ఉండే వ్యూ వస్తుంది, కాపీ కాదు. కొన్ని ఫంక్షన్లు దాన్ని ఒప్పుకోవు, కొన్ని ప్రతిసారీ లోపల కాపీ చేసుకుంటాయి. ఎక్స్‌ట్రాక్ట్‌చానల్ వాడితే ఒక్కసారి కాపీ అయి వరుసగా వస్తుంది.

మాగ్2కి పూర్తి ఫ్రేము ఇవ్వకండి. గీతకి అటూ ఇటూ 40 పిక్సెళ్ల పట్టీ కత్తిరించి ఇవ్వండి, డిటెక్ట్‌షాడోస్ ఫాల్స్ చేయండి. లైటింగు స్థిరంగా ఉంటే అసలు మాగ్2 కూడా దండగే, పట్టీలో సగటు వెలుగు చూసి బెల్టు రంగా బస్తా రంగా అని తేల్చేయొచ్చు. నల్ల బెల్టు మీద తెల్ల బస్తా కదా.

#14 · పైపులైను

మార్కా కెమెరా విషయం నేను చెప్తాను. దాన్ని ప్రతి ఫ్రేమూ డీకోడ్ చేయడమే పొరపాటు. రీడ్ అంటే నిజానికి రెండు పనులు: గ్రాబ్ చేస్తే డ్రైవర్ నుంచి బఫర్ వస్తుంది, రిట్రీవ్ చేస్తే జేపెగ్ విప్పి బీజీఆర్ చేస్తుంది. గ్రాబ్ ఖర్చు దాదాపు ఏమీ లేదు, రిట్రీవ్‌లోనే అంతా ఉంది.

థ్రెడ్‌లో గ్రాబ్ మాత్రం ఆగకుండా తిప్పండి. పై కెమెరా "బస్తా వచ్చింది" అన్నప్పుడే ఒక రిట్రీవ్. నిమిషానికి 1800 జేపెగ్‌లు విప్పే బదులు బస్తాకి ఒకటి.

ఆ ఒక్కటీ తేలిక చేయాలంటే, అక్కడ కూడా కన్వర్ట్_ఆర్‌జీబీ 0 పెట్టండి. రిట్రీవ్ విప్పని జేపెగ్ బైట్లే ఇస్తుంది. ఇమ్‌డీకోడ్‌కి రెడ్యూస్డ్_గ్రేస్కేల్_2 ఫ్లాగ్ ఇస్తే లైబ్రరీ సగం సైజులోనే విప్పుతుంది. పూర్తిగా విప్పి రీసైజ్ చేయడం కంటే చాలా తక్కువ పని, రంగు భాగం జోలికే పోదు. మార్కా చదవడానికి పూర్తి సైజు కావాలంటే మామూలు గ్రేస్కేల్ ఫ్లాగ్ చాలు.

ఇమ్‌డీకోడ్ నన్ ఇచ్చిందేమో చూసుకోండి. యూఎస్‌బీ మీద ముక్క పోతే జేపెగ్ సగంలో తెగుతుంది, "ప్రిమెచ్యూర్ ఎండ్" అని వార్నింగ్ వస్తుంది, బొమ్మ కింది సగం బూడిద రంగులో ఉంటుంది. "ఎక్స్‌ట్రేనియస్ బైట్స్" అనే వార్నింగ్ మాత్రం కొన్ని కెమెరాలకు అలవాటే, బొమ్మ బాగుంటే వదిలేయండి.

ఆలస్యం తగ్గాలంటే రెండింటికీ బఫర్‌సైజ్ (డ్రైవర్ ఫ్రేములు నింపే బఫర్ల సంఖ్య) 1 పెట్టండి.

#15 · కాకికెర్నల్

బఫర్‌సైజ్ 1 వద్దు. ఆ ఒక్క బఫర్ మీ చేతిలో ఉన్నంతసేపు డ్రైవర్ దగ్గర నింపడానికి ఏమీ ఉండదు. డీకోడ్ అయ్యాకే అది తిరిగి క్యూలోకి వెళ్తుంది. ఈలోపు కొత్త ఫ్రేము మొదలైతే మొత్తం ఫ్రేమునే పారేస్తుంది. 30 వచ్చే కెమెరా 15 అవుతుంది, జనం మళ్లీ ఎక్స్‌పోజర్‌ని తిడతారు.

#16 · పైపులైను

మరి డిఫాల్ట్ 4 ఉంచితే పాత ఫ్రేములు వస్తాయి కదా. ప్రాసెసింగ్‌కి 100 మిల్లీసెకన్లు పడితే, నాలుగూ నిండి కూర్చుంటాయి. ఇప్పుడు వదిలిన బఫర్ 33 మిల్లీసెకన్లలో నిండుతుంది, దాని వంతు వచ్చేసరికి ముందున్న మూడూ అయిపోవాలి. 300 నుంచి 400 మిల్లీసెకన్ల పాత బొమ్మ చూస్తున్నట్టు. 1 మీటరు వేగంలో బస్తా 30, 40 సెం.మీ. ముందుకెళ్లిపోయి ఉంటుంది.

#17 · కాకికెర్నల్

లెక్క సరే, మందు వేరు. గ్రాబ్ థ్రెడ్ ఆగకుండా తిరుగుతుంటే క్యూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, 4 ఉన్నా పాతవి పేరుకోవు. పేరుకోవడం అనేది చదివేవాడు నెమ్మదిగా ఉంటేనే. థ్రెడ్ లేని ఒంటి లూపు అయితే, ఆలస్యం ముఖ్యమైతే 2 పెట్టుకోండి.

రెండు కెమెరాల బొమ్మలు జత కలపాలంటే టైమ్.టైమ్ వాడకండి. అది మీరు చదివిన టైము, ఫ్రేము వచ్చిన టైము కాదు. ఈ బ్యాకెండ్‌లో పోస్_ఎంసెక్ అడిగితే డ్రైవర్ వేసిన ముద్ర వస్తుంది, రెండు కెమెరాలకూ ఒకే మోనోటానిక్ గడియారం.

#18 · పైపులైను

థ్రెడ్ ఉంటే 4 ఉంచొచ్చు, ఒప్పుకున్నాను. #14లో చివరి లైను కొట్టేసినట్టు అనుకోండి.

#19 · కొత్తమెంబర్_42

ఇదే పద్ధతి ఐపీ సీసీ కెమెరాకి పనికొస్తుందా? ఆర్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్ మీద వీడియో పంపే పద్ధతి) వాడుతుంటే 2 సెకన్లు వెనక వస్తోంది.

#20 · పైపులైను

అది వేరే కథ, కొత్త టాపిక్ తెరవండి. క్లుప్తంగా: జీస్ట్రీమర్‌లో ఆర్‌టీఎస్‌పీఎస్‌ఆర్‌సీకి లేటెన్సీ డిఫాల్టే 2000 మిల్లీసెకన్లు, దాన్ని 100 దగ్గర పెట్టండి. చివర యాప్‌సింక్‌కి డ్రాప్ ట్రూ, మ్యాక్స్-బఫర్స్ 1, సింక్ ఫాల్స్. హెచ్.264లో ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి కాబట్టి పైన చెప్పినట్టు డీకోడ్ మానేసి దాటేయడం కుదరదు, అన్నీ విప్పాల్సిందే. భారం తగ్గాలంటే కెమెరా సబ్‌స్ట్రీమ్ (చిన్న సైజు రెండో స్ట్రీమ్) తీసుకోండి.

#21 · ఫ్రేమ్‌లెక్క

#12, #13, #14 మూడూ కలిపి రాశాను. రెండు కెమెరాలూ తెరుచుకున్నాయి. పై కెమెరా 30. అయితే ప్రతి కొన్ని సెకన్లకీ ఒకసారి అర సెకను పాటు అంతా బిగుసుకుపోతోంది. వీడియోరైటర్ తీసేస్తే పోతోంది.

#22 · ఊకదంపుడు

మరి తీసేయండి! కార్డు మీద రాయడం అలాగే ఉంటుంది. కెర్నల్ కొంతసేపు మెమరీలో దాచి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, ఎస్‌డీ కార్డు ఆ క్షణం ఊపిరాడక నిలబడిపోతుంది. మీ లూపు రైట్ దగ్గర నిలబడి ఉంటుంది.

రికార్డింగ్ కావాల్సిందే అంటే: విప్పి, మళ్లీ ఎంపీ4వీగా కుదించి రాయడం మానండి. మార్కా కెమెరా ఇచ్చిన జేపెగ్ బైట్లు ఇప్పటికే కుదించినవే కదా. వాటినే ఒక క్యూలో వేసి, వేరే థ్రెడ్ వాటిని ఒకే ఫైలులో ఒకదాని వెనక ఒకటి రాస్తే చాలు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలు చదివే, మార్చే టూల్) దాన్ని ఎంజేపీజీగా చదువుకుంటుంది. క్యూకి హద్దు పెట్టండి, 60 ఫ్రేములు అనుకోండి, నిండితే పారేయండి. హద్దు లేని క్యూ అయితే కార్డు నెమ్మదించినప్పుడల్లా ర్యామ్ తింటూ పోయి రాత్రి రెండింటికి ప్రోగ్రామే చచ్చిపోతుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో నేరుగా కెమెరా నుంచి రికార్డు చేద్దామనుకుంటే కుదరదు, ఒక కెమెరా స్ట్రీమ్‌ని రెండు ప్రోగ్రాములు పట్టుకోలేవు, "రిసోర్స్ బిజీ" అంటుంది. 30 ఫ్రేములు, ఫ్రేము 100 కిలోబైట్లు అనుకుంటే గంటకి 10.8 జీబీ. కార్డు మీద కాదు, యూఎస్‌బీ 3 ఎస్ఎస్‌డీ మీద రాయండి. అది నీలం పోర్టులో 3.0 దారిలో పోతుంది కాబట్టి కెమెరాల సీట్లకు అడ్డం రాదు. అసలు బస్తాకి ఒక ఫోటో చాలదా అన్నది మీ మిల్లు యజమానిని అడగాల్సిన ప్రశ్న.

ఇమ్‌షో కూడా రిమోట్ డెస్క్‌టాప్ మీద చూస్తుంటే ఐదో ఫ్రేముకి ఒకసారి చూపించండి. వెయిట్‌కీ లోపల 30 రాశారేమో చూడండి, అది ప్రతి చుట్టుకీ 30 మిల్లీసెకన్లు కలుపుతుంది. 1 చాలు.

#23 · మాటలతక్కువ

వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ కమాండు నడపండి. 0x0 కాకపోతే వేడి లేదా కరెంటు. బోర్డు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది. మిల్లు షెడ్డు, మే నెల, మూసిన డబ్బా. హీట్‌సింక్, ఫ్యాను రెండూ పెట్టండి. ఫ్యానుకి ఫిల్టరు, లేకపోతే ఊక లోపలికే లాగుతుంది.

#24 · ఫ్రేమ్‌లెక్క

0x50005 వచ్చింది.

#25 · మాటలతక్కువ

వోల్టేజి తక్కువ, ఇప్పుడు కూడా. ఫోన్ చార్జరు తీసేయండి. 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరు, పొట్టి కేబుల్. కెమెరాలు మధ్యలో పడిపోయి మళ్లీ లేస్తున్నాయంటే అదీ ఇందుకే, డీమెసేజ్‌లో (కెర్నల్ లాగు) యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ లైన్లు చూడండి.

#26 · ఫ్రేమ్‌లెక్క

అడాప్టరు మార్చాను, వీడియోరైటర్ తీసేశాను, బస్తాకి ఒక జేపెగ్ మాత్రమే రాస్తున్నాను. గెట్_థ్రాటిల్డ్ 0x0. నిన్న సాయంత్రం నుంచి చేత్తో రాసిన చీటీతో పోల్చి చూస్తున్నాం, రెండు బస్తాలు ఒకటిగా పడటం ఇంకా కనబడలేదు.

ఫ్రేములు మధ్యలో పోతున్నాయో లేదో ఖచ్చితంగా తెలుసుకునే దారి ఉందా? మీటరు సగటు చూపిస్తే ఒకటీ అరా తెలియవు. ఇంకోటి, రీబూట్ చేస్తే ఒక్కోసారి రెండు కెమెరాల నంబర్లు తారుమారు అవుతున్నాయి, బెల్టు కెమెరా మార్కా కెమెరాగా తెరుచుకుంటోంది.

#27 · కాకికెర్నల్

మొదటిది: వరుసగా రెండు ఫ్రేముల పోస్_ఎంసెక్ తేడా తీసి, 50 దాటిన ప్రతిసారీ లాగులో రాయండి. 33 రావాలి, 66 వస్తే ఒకటి పోయింది, 100 వస్తే రెండు. తప్పు కెమెరాదా మీ కోడ్‌దా తేలాలంటే మీ ప్రోగ్రాం ఆపి వీ4ఎల్2-సీటీఎల్‌తోనే స్ట్రీమ్-ఎంమ్యాప్, స్ట్రీమ్-కౌంట్ 900 ఇచ్చి నడపండి. అక్కడా 30 రాకపోతే మీ కోడ్‌ని ముట్టుకోవద్దు.

రెండోది: డెవ్ కింద వీడియో0, వీడియో2 అనే నంబర్లను నమ్మకండి (మధ్యలో 1, 3 ఆ కెమెరాలవే మెటాడేటా నోడ్లు, వాటి నుంచి బొమ్మ రాదు). డెవ్, వీ4ఎల్ కింద బై-పాత్ అనే ఫోల్డరు ఉంది, అందులో ఏ పోర్టుకి పెట్టారో దాన్నిబట్టి పేరు ఉంటుంది. చివర ఇండెక్స్0 ఉన్నదాన్ని వాడండి. పక్కనే ఉన్న బై-ఐడీ మీకు పనికిరాదు, ఒకే మోడల్ కెమెరాలు రెండూ సీరియల్ నంబరు లేకుండా వస్తే రెండింటి పేరూ ఒకటే అవుతుంది. పోర్టుల పక్కన మార్కర్‌తో "బెల్టు", "మార్కా" అని రాసి పెట్టండి, దుమ్ము దులపడానికి ఎవరో ఒకరు పీకుతారు.